పెద్దింటి బిందె

ముజఫ్ఫర్ వాళ్ళ మేక మళ్ళీ మా చిక్కుడు పందిరిలో దూరింది. ఎడమ చెవి పట్టుకుని వాళ్ళ వాకిలి దాకా లాక్కుపోయాను. కొస తెగిన చెవి కాబట్టి పట్టు సరిగ్గా దొరకదు, రెండుసార్లు జారిపోయింది. ఆయాసపడుతూ వెనక్కి వచ్చేసరికి ఆ మేక యజమాని మా ఇంట్లోనే తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. మా అమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆమె దిండు మీద ఫోను పెట్టి మాటలు రికార్డు చేసుకుంటున్నాడు. అమ్మ నవ్వుతోంది. నాతో మాట్లాడేటప్పుడు ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

నా కడుపు మండింది. ఈ మంటకు వేరే పేరు పెట్టి పెద్దమనిషిలా మాట్లాడే ఓపిక నాకు లేదు. నాకు ముజఫ్ఫర్‌ను చూస్తే ఈర్ష్య. చిన్నప్పటి నుంచీ ఈర్ష్యే. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. నాకంటే ఆరు నెలలు ముందు పుట్టాడు, అంతే. ఆ ఆరు నెలలకే మా అమ్మ వాణ్ణి పెద్దోడా అని పిలుస్తుంది. ఒక్కగానొక్క కొడుకుని, నన్ను చిన్నోడా అంటుంది. పీర్ల పండుగకైనా బతుకమ్మకైనా రొట్టెలు బెల్లంతో నలిపి మలీద చేస్తే మొదటి ముద్ద గోడ అవతలికి పోవాల్సిందే. ఆ తర్వాతే నాకు. చిన్నప్పుడు ఏడ్చేవాణ్ణి. పెద్దయ్యాక ఏడవడం మానేశాను, చూడటం మాత్రం మానలేదు.

ఇప్పుడు సంగతి మలీద ముద్దది కాదు, బిందెది.

మా ఊరు గుర్వన్నమంద. దేవరకొండ నుంచి ఆటోలో వస్తుంటే ఖిల్లా గుట్ట వెనకబడిపోయాక వచ్చే చిన్న ఊరు. మా ముత్తాత గుర్వయ్య గొర్రెల మందను తోలుకొచ్చి ఇక్కడి పరుపుబండ పక్కన దొడ్డి కట్టాడు, ఆయన పేరే ఊరి పేరయింది. చాలాకాలం పక్క ఊరికి తోకలా ఉన్నాం. తెలంగాణ వచ్చాక గూడేలనూ తండాలనూ పంచాయతీలు చేసినప్పుడు మాకూ పంచాయతీ వచ్చింది. బోర్డు వచ్చింది, సర్పంచు వచ్చాడు, రంగులేసిన ఆఫీసు వచ్చింది. బొడ్రాయి మాత్రం లేదు. బొడ్రాయి లేని ఊరు ఊరెట్లా అవుతుందని ఆడవాళ్ళు పట్టుబట్టారు. ఊరి నడిమధ్య రాయి నిలపాలి, పెళ్ళయిపోయిన ఆడపిల్లలందరినీ పిలవాలి, ఆ రోజుకు ఊరి దారులు మూసేయాలి, ఇంటింటి నుంచీ ఒక బిందె నీళ్ళు తెచ్చి రాయి మీద పోయాలి. మొదటి బిందె ఊరు కట్టినవాడి పెద్దింటిది.

ఆ పెద్దిల్లు ఏదన్నదే పేచీ. గుర్వయ్యకు ఇద్దరు భార్యలు. మొదటామె కొడుకు మా తాత, రెండో ఆమె కొడుకు భిక్షపతి వాళ్ళ తాత. ఇద్దరూ ఒకే వానాకాలంలో పుట్టారట. మా తాత ముందు పుట్టాడని మేమంటాం, కాదు మా తాతేనని వాళ్ళంటారు. ఈ పట్టింపుతో మా నాయిన, భిక్షపతి వాళ్ళ నాయిన ఒకే బంతిలో కూర్చుని అన్నం తినకుండానే పోయారు. నా కోరిక ఒక్కటే. బిందె నేను ఎత్తాలి, ఎనభై నాలుగేళ్ళ మా అమ్మ గుర్వమ్మ దాని మీద చెయ్యి వేయాలి, ఊరంతా చూస్తుండగా ఆ మొదటి నీళ్ళు మా ఇంటివి కావాలి.

ఇది తేల్చడానికి మనిషి కావాలంటే ఇంకెవరిని అడగాలి? హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి నేను. ఊరి చరిత్ర రాస్తానని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణీ నేనే. సర్పంచు వెంకన్న పోయి పోయి ముజఫ్ఫర్‌ను అడిగాడు. అచ్చంపేట జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పినవాడు. జమా ఖర్చులు చెప్పే మనిషికి చరిత్రెందుకు? ఆ మాటే వెంకన్నతో అన్నాను. నేను ఒక పక్షం వాణ్ణి కాబట్టి నా మాట భిక్షపతి వాళ్ళు ఒప్పుకోరని, ముజఫ్ఫర్ ఏ పక్షమూ కాదని అతను సర్దిచెప్పాడు. అతను చెప్పింది సబబే. సబబైన మాట విన్నప్పుడు ఒళ్ళు ఇంకా మండుతుంది.

ముజఫ్ఫర్ ఊరు పట్టుకుని తిరిగాడు. ఎక్కడికి పోతే అక్కడ మంచం వాల్చారు, చాయ్ పోశారు. ట్రంకుపెట్టెల అడుగున ఉన్న ఫొటోలు తీసి చూపించారు. భిక్షపతి తల్లి సుక్కమ్మ మా గడప తొక్కదు, మా ఇంటి వాళ్ళు ఎదురైతే పలకదు. ఆమె ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు గిన్నెలో పెట్టి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తన పెళ్ళి ముచ్చట్లన్నీ చెప్పిందట. నిజాం కాలం నాటి రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉంటాయి, వాడికి గడగడా చదవడం వచ్చు. నేను వాటి ముందు నిరక్షరాస్యుణ్ణి. తీరా వాటిలో భూమి శిస్తు తప్ప మనుషుల సంగతి ఏమీ లేదని తెలిసి నాకు కొంత హాయిగా అనిపించింది. మా ఆవిడ స్వర్ణ కూడా వాడు వస్తే కొత్త కప్పులు తీస్తుంది. నేను అడిగితే అవి చుట్టాల కోసమంటుంది.

ఉండబట్టలేక ఒకరోజు అమ్మ దగ్గర కూర్చున్నాను. మనమే కదా పెద్దింటి వాళ్ళం, అది నువ్వు ఫోనులో గట్టిగా చెప్పాలి అన్నాను.

“పెద్దోన్ని అడుగు,” అంది.

నా సొంత ఇంటి ముచ్చట కోసం నేను గోడ అవతలివాణ్ణి అడగాలట. ఆ పూట అన్నం సహించలేదు. వాడు రాసేదేదో రాయనీ, నేను దానికి పైచేయి అయ్యేది ఒకటి పట్టుకొస్తానని పంతం పట్టాను. మనిషి మాటను మనిషి కాదంటాడు. ఎవరూ కాదనలేనిది కావాలి.

అది నాకు మా మందలోనే దొరికింది. మా గొల్లల్లో ప్రతి ఇంటికీ ఒక చెవికోత ఉంటుంది. పిల్ల పుట్టిన కొన్నాళ్ళకు దాని చెవి ఆ ఇంటి గుర్తు ప్రకారం కోస్తారు. మందలు కలిసిపోయినా చెవి చూసి ఎవరివి వాళ్ళు విడదీసుకుంటారు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు చిన్నవాడు తండ్రి గుర్తుకు ఒక చీలిక కలుపుకుంటాడు. సర్కారు పంచిన గొర్రెలు చెవులకు ప్లాస్టిక్ బిళ్ళలతో వచ్చాయి గనుక ఈ కాలపు పిల్లలు కోతల సంగతి పట్టించుకోరు. మా పాలేరు కాసే పాత మందలో, భిక్షపతి వాళ్ళ పాత మందలో కోతలు ఇంకా ఉన్నాయి. పోయి చూశాను. రెండు మందలకీ ఎడమ చెవి కొస కోసి ఉంది. అది గుర్వయ్య గుర్తు, అందులో ఎవరికీ అనుమానం లేదు. కుడి చెవికి మా వాటికి ఒక చీలిక, భిక్షపతి వాళ్ళ వాటికి రెండు.

ఒకటి ముందా, రెండు ముందా? ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. ఆ సంతోషంలో ఇంటికి వస్తూ ముజఫ్ఫర్ మేకను దారిలో చూసి కూడా ఏమీ అనలేదు.

ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు రేకుల కింద ఊరు కూడింది. ముజఫ్ఫర్ తను తెలుసుకున్నది చదవాల్సిన రోజు. నేను ముందుగా మాట్లాడతానని వెంకన్నను ఒప్పించాను. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మోయించుకుని తెచ్చాను, నా గెలుపు ఆమె కళ్ళారా చూడాలని. డ్రాయింగు షీటు మీద చెవుల బొమ్మలు వేసి గోడకు అంటించాను. బళ్ళో పాఠం చెప్పినట్టే కర్ర పట్టుకుని చెప్పాను. ఇది గుర్వయ్య గుర్తు. దానికి ఒక చీలిక కలిస్తే మాది. రెండు కలిస్తే భిక్షపతి వాళ్ళది. మనుషులు అబద్ధమాడతారు గానీ గొర్రె చెవి ఆడదు అన్నాను. జనం తలలూపారు. భిక్షపతి మొహం వాడిపోయింది. నేను ముజఫ్ఫర్ వైపు చూశాను. వాడు నేల చూస్తున్నాడు. ఓడిపోయాడనుకున్నాను, నా ఛాతీ ఉప్పొంగింది.

అప్పుడు సుక్కమ్మ లేచి నిలబడింది. జీవితమంతా మంద వెంట నడిచిన ముసలామె. నాతో నేరుగా మాట్లాడదు కాబట్టి వెంకన్నను చూస్తూ అడిగింది.

“పెద్దకొడుకు ఏ చీలికా కలుపడు. తండ్రి కోత తండ్రిదే ఉంటది వానికి. మరి వీళ్ళు ఒక చీలిక ఎందుకు కలిపిన్రు? ఏ చీలికా లేని చెవి ఏడున్నది?”

చిన్నవాడు కలుపుతాడన్న సగం నియమం నాకు తెలుసు. పెద్దవాడు కలపడన్న మిగతా సగం, చదువుకోమని నన్ను మంద నుంచి బడికి పంపినప్పుడు అక్కడే ఉండిపోయింది. గోడ మీద నేను వేసిన మొదటి బొమ్మ వైపు చూశాను. ఎడమ చెవి, కొస కోసిన చెవి. కుడి చెవి నిండుగా, ఏ గాటూ లేకుండా. ఆ చెవి నాకు తెలుసు. ఎన్నిసార్లు ఆ కొస నా వేళ్ళలోంచి జారిపోయిందో నాకే తెలుసు. రెండు మందల గొర్రెలూ చూశాను గానీ మేకను చూడలేదు. భిక్షపతి వాళ్ళ మంద దాకా పోయాను గానీ నా పక్కింటికి పోలేదు. వాళ్ళది మా లెక్కలోకి వస్తుందని నాకు తట్టనే లేదు.

నేనేమీ అనకముందే జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముజఫ్ఫర్ సారు మేకలకు గదే కోత గదా అని ఎవరో అన్నారు. అందరూ వాడి వైపు తిరిగారు. వాడు చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాట్లాడింది మా అమ్మ. కుర్చీలోంచి లేవకుండానే, పెద్ద గొంతు చేయకుండానే చెప్పింది.

“నాకు మా మామనే చెప్పిండు. ఆయననే మా చిన్నోని తాత. ఆయనను కని తల్లి పురిట్లనే పోయింది. గప్పుడు దూది ఏకేటోళ్ళు మందపక్కనే గుడిసేసుకుని ఉన్నరు. ఆళ్ళ హనీఫా ఒడిల జాఫర్ ఉన్నడు, చంటోడు. రెండో రొమ్ము మా మామకిచ్చి బతికిచ్చింది. ముందుగాల పాలు తాగినోడు పెద్దోడు, ఎనక తాగినోడు చిన్నోడు అన్నడట గుర్వయ్య. మంద పంచేనాడు తన కోత జాఫర్‌కిచ్చిండు. మా మామకు ఒక చీలిక. రెండో ఆమె కొడుక్కి రెండు.”

జాఫర్ అంటే ముజఫ్ఫర్ వాళ్ళ తాత. నా చెవుల్లో ఒకే మాట మోగింది. పెద్దోడా. ఆరు నెలల తేడాకు పిలుస్తుందనుకున్నాను ఇన్నాళ్ళూ.

“నాకెందుకు చెప్పలేదమ్మా?” అన్నాను, అందరి ముందే.

“నువ్వు మనమే పెద్దోళ్ళం గదా అన్నవు. అడుగలే, చెప్పినవు. వాడు గప్పుడు మందకాడ ఎవరెవరున్నరమ్మా అని అడిగిండు. అయినా పెద్దోన్ని అడుగుమంటి గదరా.”

భిక్షపతి వెంటనే లేచి, పాలరుణం కంటే పెద్దదేముందని, మొదటి బిందె ముజఫ్ఫర్ వాళ్ళదేనని గొంతెత్తి చెప్పాడు. వాడి ధర్మబుద్ధి నాకు తెలియనిదా? మా ఇంటికి దక్కకపోతే వాడికి అంతే చాలు. సుక్కమ్మ సరేనంది. వెంకన్న బల్ల మీద చరిచాడు. తరతరాల పేచీ క్షణంలో తెగిపోయింది, నా కర్రతోనే, నా బొమ్మతోనే.

ఇంటికి వస్తుంటే ముజఫ్ఫర్ నా పక్కన నడిచాడు. ఈ సంగతి నీకు ముందే తెలుసా అని అడిగాను. నెల కిందటే అమ్మ చెప్పిందన్నాడు. అంతకుముందు తనకూ తెలియదట. వాళ్ళ నాయిన కోసేవాడు కాబట్టి తనూ కోస్తున్నానని, గొర్రెలు పోయి మేకలు మిగిలినా కోత మాత్రం మానలేదని చెప్పాడు. మరి కాగితంలో ఏం రాశావంటే, మీరూ భిక్షపతి వాళ్ళూ కలిసి ఒకే బిందె పోయాలని రాశాను అన్నాడు.

“మీ ఇంటి మాట రాయలేదా?”

“రాయలే. గా బిందె నీకెంత గావాల్నో నాకు ఎరికే గదా, దామోదర్.”

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. వాడు గెలిచినందుకు నాకు కలిగిన మంట ఒక ఎత్తు. గెలవగలిగి కూడా నా కోసం దాచుకున్నాడే, అది ఇంకో ఎత్తు. మంచితనంలో కూడా ముందే పుట్టాడు వీడు. నేను గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

బొడ్రాయి రోజున జనం ఊళ్ళో పట్టలేదు. ఎక్కడెక్కడి ఆడబిడ్డలో పిల్లలతో దిగారు. దారులకు అడ్డంగా కంపలు వేశారు. పసుపు రాసిన రాయి చుట్టూ బిందెలు బారులు తీరాయి. తలస్నానం చేసి, కొత్త పంచె కట్టి నేనూ నిలబడ్డాను, రెండో వరసలో. పెద్దింటి బిందె రావాలని పంతులు పిలిచాడు. ముజఫ్ఫర్ తెల్ల లాల్చీ పైజమాలో, తల మీద టోపీతో, భుజాన ఇత్తడి బిందె పెట్టుకుని వచ్చాడు. వెనకే వాళ్ళావిడ కౌసర్ పూలపళ్ళెంతో. డప్పులు జోరెక్కాయి. రాయి దగ్గరికి పోయి వాడు ఆగాడు. బిందె దించి, జనం వైపు తిరిగాడు.

“పెద్దోన్ని నేను. మా ఇంటి బిందె మా తమ్ముడు పోస్తడు.”

తమ్ముడంటే ఎవరో అని నేనూ ఇటూ అటూ చూశాను. స్వర్ణ వీపు మీద చెయ్యి పెట్టి నన్ను ముందుకు తోసింది. వద్దందామనుకున్నాను. కానీ అన్న ఇచ్చిన పనిని ఊరి నడిమధ్య తమ్ముడు కాదనడం మాలో లేదు. బిందె ఎత్తాను. అమ్మను తీసుకొచ్చి నిలబెట్టారు, ఆమె ఒక చెయ్యి బిందె అంచు మీద వేసింది. మొదటి నీళ్ళు రాయి మీద పడ్డాయి. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది. అయితే అమ్మ రెండో చెయ్యి ముజఫ్ఫర్ భుజం మీద ఉంది. ఎంత మనిషి, ఎంత పెద్ద మనసు అని ఆడబిడ్డలు కళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళు చూస్తున్నది నన్ను కాదు.

మధ్యాహ్నం మా ఇంట్లో చాప మీద రెండు కుటుంబాలూ కూర్చున్నాయి. అమ్మ పొద్దుటే స్వర్ణతో రొట్టెలు కాల్పించి, బెల్లం వేసి తన చేత్తో నలిపి మలీద చేసింది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని మొదటి ముద్ద కట్టింది. చెయ్యి చాపింది. ఎటు చాపిందో వేరే చెప్పాలా?

ఇంతకాలం మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

“అమ్మా, పుట్టినకాంచి చూస్తున్న. ముందుగాల వానికే పెడ్తవు. నీ కడుపున పుట్టింది నేను.”

కౌసర్ తల దించుకుంది. స్వర్ణ నా మోకాలు గిల్లింది. అరవై దాటిన మనిషిని, రిటైరైన మాస్టారుని, ముద్ద కోసం పేచీ పెట్టి కూర్చున్నాను. అమ్మ మాత్రం కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు. ఏనాటి నుంచో ఈ మాట వస్తుందని ఎదురుచూసినట్టు నవ్వింది. ముజఫ్ఫర్‌కు ఫోనులో చెప్పేటప్పుడు నవ్విన నవ్వే అది.

“చిన్నోళ్ళు గిట్లనే ఏడుస్తరు,” అంది. “మా మామ గూడ జాఫర్ మీద గిట్లనే ఏడ్సేటోడట.”

ముజఫ్ఫర్ తన ముద్దలో సగం విరిచి నా వైపు చాపాడు. వద్దన్నాను. నాది నాకు వస్తుందన్నాను. పరాయివాణ్ణి చూసి ఏడుస్తున్నానని ఇన్నేళ్ళూ లోపల సిగ్గుగా ఉండేది. అన్న మీద ఏడవడానికి సిగ్గెందుకు? ఏ ఇంట్లో లేదు?

అమ్మ రెండో ముద్ద కట్టి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. అమ్మ అటు తిరగ్గానే వేళ్ళు విప్పి నా ముద్ద చూసుకున్నాను. ముజఫ్ఫర్ చేతిలోకి చూశాను. సగం విరిచాక కూడా వాడిదే పెద్దది.